ఆపమంటే ఆగని చెయ్యి

నిన్న నెల్లూరులో ఒక కాలేజీకి పోయి, ప్రయోగానికి నా చెయ్యి అప్పగించి వచ్చా. మా మేనకోడలు అక్కడ ఫిజియోథెరపీ చదువుతోంది. అందుకోబోయే వస్తువు పక్కకు జరిగితే మనిషి చెయ్యి ఎట్టా సర్దుకుంటదో చూడాలంట. సంతకాలు, కళ్ల పరీక్ష గబగబా అయిపోయినయ్.

చూపుడువేలికి చిన్న సెన్సర్ పెట్టి ప్లాస్టర్ వేశారు. తెరమీద చుక్క వెలగ్గానే పోయి తాకాల. ఒక్కోసారి చెయ్యి సగం దూరంలో ఉండంగానే చుక్క పక్కకు దూకుద్ది. దాని వెంటబడి తాకమన్నారు. అదేమంత పని? ఉదయగిరి బస్సులో కండక్టరుగా చేసినోణ్ణి. బస్సు గుంతల్లో ఎగురుతుంటే, జనం సందుల్లోంచి ఊగే నోట్లు అందుకున్న చెయ్యి ఇది. అన్నీ తాకేశా.

పరువు పోయింది ఆ తర్వాతే. ఇప్పుడు చుక్క దూకితే చెయ్యి ఉన్నచోటే ఆపాలన్నారు. దూకింది. ఆపుదామనే అనుకున్నా, వేలు మాత్రం పోయి కొత్త చోటే ఆనింది. ల్యాప్‌టాప్ ముందున్న కుర్రోడు "ఆపమన్నాం గదా అంకుల్" అన్నాడు. పళ్లు బిగబట్టి చేసినా అంతే. "పెద్దాయనకి అర్థం కాలేదేమో, ఇంకోసారి చెప్పు" అని పక్కనమ్మాయికి గుసగుస, అదీ నాకు వినపడేటట్టు!

బయటికొచ్చాక మేనకోడలు అసలు సంగతి చెప్పింది. "నీ తప్పేం లేదు మామా, 2000లో ఫ్రాన్సు వాళ్లు ఇదే పరీక్ష పెడితే అక్కడా చేతులు ఆగలా." తల వెనక, పైభాగాన ఉండే మెదడు సెకనులో పదోవంతు కాస్త దాటేసరికే చెయ్యి దారి మార్చేస్తదంట. వద్దనుకునే బుద్ధి వెనకబడిపోద్ది. ఆ భాగం రెండుపక్కలా దెబ్బతిన్న మనిషికి ఈ సర్దుబాటే పోయిందంట. 1986లో ఇంకో పరీక్షలో కన్ను తిప్పే క్షణంలోనే చుక్కను జరిపారంట. జరిగిందని మనుషులకు తెలియనే లేదు, చెయ్యి మాత్రం సరైన చోటికే పోయింది.

ఇదంతా ఆ కుర్రోడికి ముందే తెలుసు. తెలిసి కూడా "ఆపమన్నాం గదా" అంటాడా? చదువుంటే సరిపోద్దా, పెద్దోళ్లతో ఎట్టా మాట్లాడాలో ఇంట్లో నేర్పొద్దూ?

మీరెవరన్నా పోతే చెయ్యి నిదానంగా పోనీండి, అప్పుడు ఆగుద్ది. కానీ ఆలస్యమైతే మిషను బీప్ కొట్టుద్ది, ఆసారి తాకింది లెక్కలోకి రాదంటారు. వచ్చిపోయేందుకు వాళ్లిచ్చే ఛార్జీ డబ్బులు మాత్రం ముందే పుచ్చుకోండి. నాకైతే ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్కు జిరాక్సు రెండేసి కాపీలు తెమ్మన్నాడు ఆఫీసు గుమాస్తా. చిల్లర లేకపోతే టికెట్టు వెనక రాసిచ్చి, దిగేలోపు ఇచ్చేసేవాణ్ణి నేను.