చేతి మీద 67

న్యూజీలాండ్‌లో క్వీన్స్‌టౌన్ దగ్గర, కవరావు నది మీద ఉన్న పాత వేలాడే వంతెన నుంచి నేను బంజీ దూకి, అంటే కాళ్లకు సాగే రబ్బరు తాడు కట్టుకుని తలకిందులుగా దూకి వచ్చి, మూడు నెలలు కావస్తోంది. రాజమహేంద్రవరంలో ఇంటర్మీడియెట్ పిల్లలకు పాఠాలు చెప్పుకునే నేను నలభై నాలుగేళ్ల వయసులో ఆ పని చేశానని తెలిసినప్పటి నుంచి, బంధువులూ తోటి అధ్యాపకులూ అడిగే ప్రశ్న ఒక్కటే: "భయం వేయలేదా?" వేసింది. అయితే సెలవులకు వెళ్లినప్పుడు ఇటువంటి పని చేయదలచిన వారికి ఆ ప్రశ్న కన్నా ముందు తెలియవలసినవి చాలా ఉన్నాయి. వాటిని నాకు ఎవరూ ఒక వరుసలో చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా తమ్ముడు చాలా ఏళ్లుగా ఆక్లాండ్‌లో ఉంటున్నాడు. మనకు సంక్రాంతి సెలవులు వచ్చే జనవరిలో అక్కడ నడివేసవి కాబట్టి, ఆ నెలలోనే వెళ్లి, వాడి కుటుంబంతో కలిసి దక్షిణ ద్వీపం చూడాలని అనుకున్నాము. క్వీన్స్‌టౌన్ పరిసరాలలో బంజీకి ఒకటి కన్నా ఎక్కువ చోట్లు ఉన్నాయి. వాటిలో నెవిస్ లోయ మీద ఉన్నది 134 మీటర్ల ఎత్తు; కవరావు వంతెన 43 మీటర్లు. నేను రెండవదాన్ని ఎంచుకోవడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. ప్రపంచంలో డబ్బు తీసుకుని అందరి చేతా బంజీ దూకించే మొదటి శాశ్వత కేంద్రం అక్కడే, 1988 నవంబరులో, ఏ.జె. హాకెట్, హెన్రీ వాన్ ఆష్ అనే ఇద్దరి పూనికతో మొదలైంది. మొదటి రోజున 28 మంది తలా 75 డాలర్లు ఇచ్చి దూకారట. అంతకు ముందు సంవత్సరమే హాకెట్ పారిస్‌లో ఈఫిల్ టవర్ మీద నుంచి దూకి లోకమంతటికీ తెలిశాడు. ఈ పనికి మూలం మాత్రం ఇంకా వెనుక, వనువాటు దేశంలోని పెంటెకోస్ట్ ద్వీపంలో ఉంది. అక్కడి మగవారు పెండలం పంట చేతికి వచ్చే కాలంలో కాళ్లకు అడవి తీగలు కట్టుకుని, కర్రలతో కట్టిన ఎత్తైన మంచె మీద నుంచి నేల మీదికి దూకుతారు. ఏదైనా పనిని అది పుట్టి పెరిగిన చోట నేర్చుకోవడం మేలని నా నమ్మకం.

ముందుగా చేసిన పని కంటి వైద్యురాలి దగ్గరకు వెళ్లడం. నాకు రెండు కళ్లకూ మైనస్ ఏడు. తలకిందులుగా వేలాడేటప్పుడు, అందులోనూ తాడు సాగి ఒక్కసారిగా వెనక్కి లాగేటప్పుడు, తలలోనూ కళ్లలోనూ ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కువ మైనస్ ఉన్న వారికి కంటి లోపల వెనుక ఉండే రెటీనా అనే పొర పలచబడి ఉండే అవకాశం ఎక్కువ కనుక, చూపించుకోకుండా వెళ్లడం తెలివైన పని కాదు. ఆమె చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక, రెటీనా అంచులన్నీ ఓపికగా చూసి, ఎక్కడా చిరుగు గానీ పలచబడిన చోటు గానీ లేదని చెప్పారు. "వెళ్లండి. కానీ ఆ తరువాత కంటి ముందు మెరుపులు కనిపించినా, నల్లచుక్కలు ఉన్నట్టుండి పెరిగినా, తెర దిగినట్లు అనిపించినా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి" అని హెచ్చరించారు. రక్తపోటు, గుండె జబ్బు, మూర్ఛ, మెడ లేదా నడుము సమస్య, ఈ మధ్య అయిన శస్త్రచికిత్స, గర్భం — వీటిలో ఏది ఉన్నా తమ వైద్యునితో మాట్లాడకుండా ఎవరూ బుక్ చేసుకోకూడదు. అక్కడ సంతకం పెట్టించుకునే పత్రంలో ఇవన్నీ అడుగుతారు. ఇంత దూరం వచ్చాము కదా అని అక్కడ నిజం దాచిపెట్టే మనిషి, తనకు తానే కీడు చేసుకున్నట్టు.

రెండవది బీమా. మన దగ్గర కొనే ప్రయాణ బీమాలలో చాలా వాటికి సాహస క్రీడలు వర్తించవు, లేదా విడిగా కొంత కట్టి చేర్చుకోవాలి. నేను కొన్న పాలసీలో ఆ వాక్యం పందొమ్మిదవ పేజీలో ఉంది. న్యూజీలాండ్‌లో ప్రమాదంలో గాయపడిన వారికి ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ వైద్య ఖర్చులో సాయం చేస్తుంది, అది సందర్శకులకు కూడా వర్తిస్తుంది. అయితే ప్రయాణం ఆగిపోయినందుకు అయ్యే నష్టాన్ని గానీ స్వదేశానికి చేర్చే ఖర్చును గానీ అది భరించదు. అందువల్ల విడిగా డబ్బు కట్టి ఆ క్రీడను పాలసీలో చేర్పించాను. దూకడానికి ఒకరికి రెండు వందల న్యూజీలాండ్ డాలర్లకు పైనే అవుతుంది, ఫొటోలూ వీడియో కావాలంటే ఆ పైన. చివరి క్షణంలో మనసు మార్చుకుంటే డబ్బు వెనక్కి వస్తుందా రాదా అన్నది బుక్ చేసే ముందే చదువుకోవాలి. పోయే డబ్బు గురించిన బెంగ అంచు మీద నిలబడిన మనిషి నిర్ణయంలో పాలుపంచుకోకూడదు.

ఆ రోజు ఉదయం ఇడ్లీలు రెండే తిన్నాను. ఖాళీ కడుపుతో వెళితే కళ్లు తిరుగుతాయి, నిండుగా తింటే తలకిందులైనప్పుడు వికారం పుడుతుంది. ఊరి నుంచి కారులో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలలో గిబ్స్టన్ లోయకు చేరాము. రెండు పక్కలా ద్రాక్షతోటలు, ఎండిన గడ్డితో పసుపుపచ్చగా ఉన్న కొండలు. ఆ మధ్య లోతైన రాతి చీలికలో నది. నీటి రంగు గురించి ఎంత చెప్పినా తక్కువే. గోదావరిని వరదకాలపు ఎరుపులోనూ, వేసవి నీలంలోనూ చూసి పెరిగిన నాకు, నెమలిపింఛం మధ్యలో ఉండే ఆ నీలిపచ్చ నదిలో కనబడటం కొత్త. వంతెన 1880 నాటిది; ఒకప్పుడు బంగారపు గనులకు పోయే దారి దాని మీదుగానే సాగేది. చూడడానికి వచ్చిన వారు టికెట్టు లేకుండానే ఎదురుగా ఉన్న అంచున నిలబడి అంతా చూడవచ్చు. మరదలూ, తొమ్మిదేళ్ల మేనకోడలూ అక్కడ ఆగారు. తమ్ముడు నాతో లోపలికి వచ్చాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బుక్ చేసేటప్పుడు తమ్ముడు ఫోనులో "అక్కా, నీ బరువెంత?" అని అడిగితే నేను అరవై అని చెప్పాను. అబద్ధం చెప్పాలని కాదు. ఏడాది క్రితం చూసుకున్న అంకె అది, దాన్ని మార్చుకోవడానికి మనసు ఒప్పుకోలేదు. అక్కడ లోపల వెయింగ్ మెషీన్ ఎక్కించినప్పుడు 67 చూపించింది. బల్ల దగ్గర ఉన్న అమ్మాయి ముఖంలో ఏ భావమూ లేదు. పాత అంకె కొట్టేసి, నా ఎడమ చెయ్యి పట్టుకుని, వెనుక వైపు లావు మార్కర్‌తో 67 అని పెద్దగా, దూరం నుంచి కూడా చదవగలిగేటట్లు రాసింది. నాకు ఆ క్షణంలో సిగ్గు వేసిన మాట నిజం. కొద్ది నిమిషాల తరువాత ఆ అంకె ఎందుకో అర్థమయ్యాక ఆ సిగ్గు పూర్తిగా పోయింది.

బంజీ తాడు మామూలు తాడు కాదు. వందల కొద్దీ సన్నని రబ్బరు పోగులను కట్టగా చేర్చి తయారు చేస్తారు. ఒక్కొక్క బరువు పరిధికి ఒక్కొక్క మందం ఉన్న తాడు ఉంటుంది. బరువు తక్కువ వారి తాడుకు బరువైన మనిషిని కడితే అనుకున్న దాని కన్నా కిందికి పోతారు; బరువైన వారి తాడుకు తేలిక మనిషిని కడితే తాడు తగినంత సాగక శరీరానికి కుదుపు ఎక్కువవుతుంది. కింద నది ఉన్న చోట నీటిని తాకాలా వద్దా అన్నది కూడా ఆ లెక్క మీదనే సర్దుతారు. ఎండకూ వాడకానికీ రబ్బరు పాడవుతుంది కనుక ప్రతి తాడూ ఎన్ని దూకుళ్లు మోసిందో లెక్క రాసుకుని, పరిమితి రాగానే తీసేస్తారు. వంతెన మీదికి వెళ్లాక ఒక యువకుడు నా చెయ్యి చూసి ఆ అంకెను బిగ్గరగా చదివితే, తాడు దగ్గర ఉన్న రెండవ మనిషి అదే అంకెను తిరిగి పలికాడు. ఏ దేశంలోనైనా, మన రిషికేశ్ దగ్గర మోహన్‌చట్టిలో ఉన్న 83 మీటర్ల వేదిక మీదైనా, నేను మొదట చూసేది ఇకపై ఇదే. మనిషి నోటితో చెప్పిన బరువు చాలని ఊరుకున్న చోట, తూచకుండా తాడు కట్టే చోట, డబ్బు పోయినా సరే వెనక్కి తిరిగి రావాలి.

వంతెన ఎక్కే ముందు ఆడవారు నగల సంగతి చూసుకోవాలి. గాజులు, చెవిదిద్దులు, గొలుసులు అన్నీ తీయాలి. తలకిందులైతే మెడలోది ఏదైనా జారి నదిలో పడుతుంది, లేదా ముఖానికి కొడుతుంది. పెళ్లయిన నాటి నుంచి మెడలో నుంచి తీయని సూత్రాలు తీయవలసి వచ్చినప్పుడు నేను కొంతసేపు ఆగాను. వెళ్లి మరదలి చేతిలో పెడితే, "నా మెడలో వేసుకుని ఉంచుతాను వదినా, సంచిలో పెట్టను" అంది. మీ ఇంట్లో ఇది పట్టింపు ఉన్న విషయమైతే ముందే మాట్లాడుకోండి. అక్కడ వరుసలో నిలబడి తేల్చుకునేది కాదు. జేబులు ఖాళీ చేయాలి, చొక్కా లోపలికి దోపుకోవాలి, జుట్టు గట్టిగా ముడి వేసుకోవాలి. కళ్లజోడు కూడా నేను తీసి ఇచ్చేశాను.

వరుసలో ముప్పావుగంట నిలబడ్డాను. నిజం చెప్పాలంటే కష్టమైన భాగం అదే. ముందున్న వారు ఒక్కొక్కరే వెళుతుంటే కేకలు వినబడతాయి, చెక్క పలకల కింద వంతెన సన్నగా అదురుతుంది. నా వంతు వచ్చాక ఒక చెక్క మీద కూర్చోబెట్టారు. నడుముకు హార్నెస్ అనే పట్టీల కట్టు బిగించారు. అది అదనపు రక్షణ. ఆ తరువాత రెండు చీలమండలనూ దగ్గరగా పెట్టించి, వాటి చుట్టూ ఒక తువ్వాలు చుట్టారు. నేను ఏదో ప్రత్యేకమైన సాధనం ఉంటుందని ఊహించాను. అది మన ఇంట్లో దండెం మీద ఉండేలాంటి మామూలు తువ్వాలు, అంచున నూలు పోగులు లేచి ఉన్నాయి, అంతకు ముందు దూకిన మనిషి తడితో కొంచెం చల్లగా ఉంది. దాని మీద నుంచి వెడల్పాటి పట్టీని కాళ్ల మధ్య నుంచి పోనిచ్చి, చుట్టి, లాగి బిగించారు. కట్టిన మనిషి తరువాత రెండవ మనిషి వచ్చి ప్రతి ముడినీ, ప్రతి కొక్కేన్నీ వేలు పెట్టి చూశాడు. నీటిని తాకాలని ఉందా అని అడిగితే వద్దన్నాను.

లేచి అంచు దాకా అంగుళం అంగుళంగా జరగాలి. కాళ్లు కట్టి ఉంటాయి కాబట్టి నడవలేము. తాడు వంతెన కిందికి వేలాడుతూ ఉంటుంది, దాని బరువు కాళ్లను ముందుకు లాగుతున్నట్లు తెలుస్తుంది. ఇది ఎవరూ చెప్పలేదు, తెలిసి ఉంటే అంత బెదిరేదాన్ని కాదు. కళ్లజోడు లేనందువల్ల నది నాకు ఒక రంగుగా మాత్రమే కనిపించింది. కిందికి చూడవద్దని, ఎదురుగా ఉన్న కొండను చూస్తూ చేతులు చాచి ముందుకు వాలమని చెప్పారు. కాళ్లు ముందుగా పడేలా దూకితే తాడు బిగిసినప్పుడు ఒళ్లు ఒక్కసారిగా తిరగబడి మెడకూ నడుముకూ దెబ్బ తగులుతుంది. అయిదు నుంచి వెనక్కి లెక్క పెట్టారు. నేను దూకలేదు. మోకాళ్లు నా మాట వినలేదు. నా వెనుక ఉన్న యువకుడు తొందర పెట్టలేదు, చెయ్యి వేయలేదు. ఊపిరి పీల్చుకోమని, సిద్ధమైనప్పుడు చెప్పమని అన్నాడు. అప్పుడు అవతలి అంచు నుంచి "అత్తా!" అని పిల్ల గొంతు వినిపించింది. రెండవసారి లెక్క మొదలు పెట్టమని నేనే అడిగాను, ఒకటి అనే లోపే ముందుకు వాలాను.

మొదటి క్షణంలో శబ్దం లేదు. కేక వేద్దామన్నా ఊపిరి లేదు. ఆ తరువాత చెవుల్లో గాలి హోరు, నీటి చల్లదనం ముఖానికి, అంతలోనే కాళ్ల దగ్గర మెత్తగా, ఎవరో పట్టుకుని ఆపినట్లు బిగింపు. నేను భయపడిన కుదుపు రానే లేదు. తాడు సాగుతూ ఆపింది. మళ్లీ పైకి లేచినప్పుడు, ఒక్క క్షణం పాటు బరువు లేకుండా గాలిలో నిలిచినప్పుడు, నాకు తెలియకుండానే నవ్వాను. నాలుగైదు సార్లు అలా పైకీ కిందికీ అయ్యాక ఊగడం నెమ్మదించింది. తల నిండా రక్తం చేరి బరువుగా ఉంటుంది, కణతలు కొట్టుకుంటాయి. అది నిమిషం పైన ఉండదు. కింద రబ్బరు పడవలో ఉన్న ఇద్దరు పొడవాటి కర్ర అందించారు. దాన్ని పట్టుకుంటే మెల్లగా దించుకుని, పడవలో వెల్లకిలా పడుకోబెట్టి, ముందు పట్టీ, తరువాత తువ్వాలు విప్పారు. లేవడానికి తొందరపడవద్దని చెప్పారు. ఒడ్డుకు చేరాక పైకి రావడానికి చాలా మెట్లు ఎక్కాలి. అప్పటికి కాళ్లలో వణుకు మొదలైంది కాబట్టి రెండు చోట్ల ఆగి ఆగి ఎక్కాను.

ఆ రాత్రి నుంచి రెండు రోజులు మెడ పట్టేసింది, పిక్కలు నొప్పిగా ఉన్నాయి. కంటి ముందు మెరుపులు లేవు. తిరిగి వచ్చిన వారంలోనే వైద్యురాలికి చూపించుకున్నాను, అంతా బాగుందన్నారు. చేతి మీద అంకె సబ్బుతో రుద్దినా రెండు రోజుల దాకా పోలేదు, నేనూ గట్టిగా రుద్దలేదు.

ఆక్లాండ్ చేరిన రోజు సాయంత్రం మేనకోడలు నా చెయ్యి తిప్పి చూసి, స్నానాల గదిలో ఉన్న వెయింగ్ మెషీన్‌ను హాలులోకి లాక్కొచ్చింది. దాని మీద నిలబడి, 27 అని తనే చదివింది. కవరావులో దూకాలంటే పదేళ్లు నిండాలి, 35 కిలోలు ఉండాలి. ఎనిమిది కిలోలు తక్కువని లెక్క కట్టి, మార్కర్ తెచ్చి, తన చేతి మీద 27 అని రాయమని నా ముందు చెయ్యి చాపింది.