గట్టు తగాదా, రంగం పెట్టె: ఎస్‌ఏ సోషల్‌కి నేను ప్రపంచ యుద్ధాలు చదివిన తీరు

ఇటలీ దగ్గర నేను రెండుసార్లు పడ్డాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఎవరి పక్షాన పోరాడింది అని బిట్టు. డీఎస్సీ (టీచర్ పోస్టుల పరీక్ష) కోచింగ్‌లో పెట్టిన గ్రాండ్ టెస్టులో జర్మనీ పక్షం అని పెట్టేశాను. తప్పు. కీ చూసి, సరేలే అనుకుని ముందుకెళ్లిపోయాను. నెల తిరక్కుండా ఇంట్లో రాసుకున్న మోడల్ పేపర్లో మళ్లీ అదే బిట్టు, మళ్లీ అదే తప్పు. తీరా చూస్తే మాకిచ్చిన మెటీరియల్లోనే త్రైపాక్షిక కూటమి అంటే కేంద్ర రాజ్యాలే అని ఒక్క లైన్లో తేల్చేశారు. అవి రెండూ ఒకటి కావు. జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఇటలీ 1882లో కూటమి కట్టిన మాట నిజమే. కానీ 1914లో యుద్ధం మొదలయ్యేసరికి ఇటలీ నాకెందుకని పక్కకి తప్పుకుంది. మరుసటేడు ఏప్రిల్‌లో లండన్‌లో రహస్యంగా ఒప్పందం చేసుకుని, మే నెలలో బ్రిటన్, ఫ్రాన్సు, రష్యా ఉన్న అవతలి పక్షాన దిగింది. కేంద్ర రాజ్యాలంటే జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, తర్వాత వచ్చి చేరిన ఆటోమన్ టర్కీ, బల్గేరియా.

బిట్టుకి అర మార్కే కదా అనుకోకండి. 2018లో నా పోస్టు ఎగిరిపోయింది అలాంటి అర మార్కులు నాలుగైదు పోయినందుకే. ఆ తర్వాత నోటిఫికేషన్ కోసం ఏడేళ్లు చూశాం. ఈలోపు పెళ్లయింది, పాప పుట్టింది, అమలాపురం దగ్గర అత్తారింట్లో రొయ్యల చెరువుల ఏరియేటర్ల చప్పుడు మధ్య చదవడం అలవాటైంది. 2025 మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ సోషల్ వచ్చింది. చాలామంది అడిగారు కాబట్టి, నన్ను ఎక్కువ ఏడిపించిన ఒక్క టాపిక్ గురించే రాస్తున్నాను. జాగ్రఫీ, ఎకనామిక్స్ నాకంటే బాగా చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

మొదట నేను చదివిన పద్ధతి ఏంటంటే, యుద్ధానికి కారణాలు నాలుగు: సైనికవాదం, కూటములు, సామ్రాజ్యవాదం, జాతీయవాదం. తక్షణ కారణం సరాయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య. దీన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేదాన్ని. అడిగినవాళ్లకి టకటకా చెప్పేదాన్ని కూడా. కానీ ఒక యువరాజుని ఒక కుర్రాడు కాల్చి చంపితే మధ్యలో బెల్జియం మీదికి ఎందుకు పోయారో ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర సమాధానం లేదు.

నాకది అర్థమైంది మా పుట్టింట్లో, ఒక గట్టు తగాదా వల్ల. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. పరీక్షకి ముందు రెండు నెలలు పాపని తీసుకుని అక్కడే ఉన్నాను. ఓ రోజు పొద్దున్నే బాబాయి చేలోంచి రొప్పుకుంటూ వచ్చాడు. పక్క చేను ఆయన పారతో గట్టుని జానెడు చెక్కేశాడట. సాయంత్రానికి మా అరుగు మీద పదిహేనుమంది. బాబాయి బావమరుదులు ఇద్దరు, వాళ్లతో వచ్చినవాళ్లు కొందరు. అవతల వీధిలో పక్క చేను ఆయన వియ్యంకుడు, ఆ వియ్యంకుడి అన్నదమ్ములు. సగం మందికి ఆ గట్టు ఎక్కడుందో కూడా తెలీదు. నాన్న వాళ్లకి టీలు పోయించి, "జానెడు గట్టుకి ఇంతమందా అండీ?" అన్నాడు. బాబాయి ఊరుకోలేదు. "గట్టు సంగతి కాదన్నయ్యా, పదేళ్ల నుంచి బోదెలో నీళ్లు ముందు వాడే తిప్పుకుంటున్నాడు" అన్నాడు.

నేను గుమ్మంలో నోట్సు పట్టుకుని నిలబడి ఉన్నాను. జానెడు గట్టు సరాయెవో. బోదె నీళ్లు 1908లో ఆస్ట్రియా బోస్నియాని కలిపేసుకోవడం, 1912-13 బాల్కన్ యుద్ధాల్లో సెర్బియా బలిసిపోవడం, మొరాకో కోసం 1905లోనూ 1911లోనూ జర్మనీ, ఫ్రాన్సు కళ్లెర్రజేసుకోవడం. బావమరుదులూ వియ్యంకులూ కూటములు. తక్షణ కారణం, మూల కారణం అని రెండు హెడ్డింగులు ఎందుకు పెడతారో అప్పుడు తలకెక్కింది.

అయితే ఈ పోలికని పట్టుకుని ఎక్కువ దూరం పోకండి. మా వాళ్లు రెండో రోజు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి సర్వేయరుని పిలిపించారు. 1914 జూలైలో ఆ పని జరగలేదు. ఎందుకు జరగలేదో తెలియాలంటే తేదీల్ని వరసగా చూడాలి. జూన్ 28న హత్య. జూలై మొదటి వారంలో జర్మనీ ఆస్ట్రియాకి నువ్వేం చేసినా నీ వెనకుంటానని మాటిచ్చింది. 23న ఆస్ట్రియా, హత్య వెనక సెర్బియా ఉందంటూ దానికి 48 గంటల గడువుతో అల్టిమేటం ఇచ్చింది. సెర్బియా దాదాపు అన్నిటికీ ఒప్పుకున్నా 28న ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. 30న సెర్బియాకి అండగా ఉన్న రష్యా తన సైన్యాన్ని పూర్తిగా కదిలించమని ఆదేశించింది. ఇక్కడే కథ చెయ్యి దాటిపోయింది. జర్మనీ దగ్గరున్న ష్లీఫెన్ ప్లాను ప్రకారం ముందు బెల్జియం మీదుగా వెళ్లి ఫ్రాన్సుని కొన్ని వారాల్లో పడగొట్టాలి, ఆ తర్వాత రష్యా వైపు తిరగాలి. రష్యా ముందే కదిలిపోతే ఆ లెక్కంతా తప్పుతుంది. నారు పోసి, దమ్ము చేసి, కూలీలకి చెప్పేసుకున్నాక ఊడ్పులు రేపు చూద్దాం అనం కదా, రైళ్ల టైంటేబుల్‌తో కట్టిన ఆ ప్లాను కూడా అంతే. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్సు మీద జర్మనీ యుద్ధం ప్రకటించింది. 4న బెల్జియంలో కాలు పెట్టింది. బెల్జియం తటస్థతకి 1839 నుంచీ హామీగా ఉన్న బ్రిటన్ అదే రోజు దిగింది. బ్రిటన్ దిగిందంటే మనమూ దిగినట్టే, మనల్ని అడిగేదేముంది. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక వచ్చి మద్రాసు రేవులో ఆయిల్ ట్యాంకుల్ని తగలబెట్టింది. అప్పటికి మన గోదావరి జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

జూన్ 28 ఇంకోసారి వస్తుంది. వర్సెయిల్స్ సంధి మీద సంతకాలు పడింది సరిగ్గా అయిదేళ్లకి, 1919 జూన్ 28న. పీవీ నరసింహారావు గారి పుట్టినరోజు కూడా జూన్ 28. నేను అలాగే గుర్తుపెట్టుకున్నాను, మీరు నవ్వుకున్నా సరే.

సంధుల పేర్లు మరీ చంపుతాయి. జర్మనీతో వర్సెయిల్స్, ఆస్ట్రియాతో సెయింట్ జెర్మెయిన్, బల్గేరియాతో న్యూయీ, హంగరీతో ట్రియనాన్, టర్కీతో సెవ్రే. అన్నీ పారిస్ చుట్టుపక్కల ఊళ్ల పేర్లో, అక్కడి భవనాల పేర్లో. మన లెక్కన మండపేట సంధి, ద్రాక్షారామం సంధి, కోటిపల్లి సంధి అన్నట్టు. అది తెలిశాక భయం పోయింది. కేలండర్ కాగితం వెనక రాసి వంటింట్లో గ్యాసు స్టౌ పక్కన అంటించాను. సెవ్రే ఒప్పందాన్ని టర్కీ నాయకుడు ముస్తఫా కెమాల్ ఒప్పుకోలేదని, దాని బదులు 1923లో లాసేన్ ఒప్పందం వచ్చిందని కింద ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. ఖిలాఫత్ ఉద్యమం చదివేటప్పుడు ఈ ముక్క మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే చోటుకి వద్దాం. 'వర్సెయిల్స్ సంధి వల్ల హిట్లర్ వచ్చాడు.' ఈ వాక్యం ప్రతి మెటీరియల్లోనూ ఉంటుంది, నాకు ఇప్పుడు చిరాకు. సంధి అవమానకరమైనదే. 231వ అధికరణం యుద్ధానికి బాధ్యత జర్మనీ మీద, దాని మిత్రుల మీద పెట్టింది. 1921లో నష్టపరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులని తేల్చారు. 1923లో మార్కు విలువ చిత్తు కాగితం అయిపోయింది. అంతవరకు బాగానే ఉంది. మరి 1924లో డాస్ ప్రణాళికతో అమెరికా అప్పులొచ్చి జర్మనీ కోలుకుంది కదా? 1925లో సరిహద్దుల మీద లొకార్నో ఒప్పందాలు, 1926లో నానాజాతి సమితిలో సభ్యత్వం వచ్చాయి కదా? 1928 ఎన్నికల్లో నాజీలకొచ్చిన ఓట్లు 2.6 శాతం. సంధి అప్పటికి తొమ్మిదేళ్ల పాతది. 1929లో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది, అమెరికా తన అప్పులు వెనక్కి లాక్కుంది, 1932కి జర్మనీలో నిరుద్యోగులు సుమారు 60 లక్షలు. ఆ ఏడాది జూలై ఎన్నికల్లో అదే పార్టీకి 37 శాతం. అప్పటికీ సొంతంగా మెజారిటీ లేదు. 1933 జనవరి 30న హిట్లర్‌ని ఛాన్సలర్‌గా నియమించింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. సంధి పుండు అయితే మాంద్యం దాని మీద కారం. రెండూ చదవండి. కారణం, ఫలితం జతపరచమనే బిట్లలో తేడా కొట్టేది ఇక్కడే.

రెండో యుద్ధానికి ఎక్కిన మెట్లు తేదీలతో సహా రావాలి: 1931 మంచూరియా (జపాన్), 1935 ఇథియోపియా (ఇటలీ), ఇక అక్కణ్ణించి జర్మనీ వంతు, 1936 రైన్‌లాండ్, 1938 మార్చిలో ఆస్ట్రియా, సెప్టెంబరులో మ్యూనిక్ ఒప్పందం, 1939 ఆగస్టు 23న సోవియట్-జర్మనీ ఒప్పందం, సెప్టెంబరు 1న పోలండ్. యుద్ధాల పేర్లు, జనరళ్ల పేర్లు నేను పెద్దగా పట్టించుకోలేదు. స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ, పెరల్ హార్బర్ వరకూ చదివి వదిలేశాను.

ఫలితాల దగ్గర మాత్రం నాకు గురువు మా నాయనమ్మ. ఆవిడకి ఎనభై తొమ్మిదో ఏడు. మధ్యాహ్నాలు పాపని పడుకోబెట్టి మంచం పక్కన నేను పైకి చదువుతుంటే వినేది. ఓ రోజు ఉన్నట్టుండి అడిగింది: "మీ పుస్తకంలో కాకినాడ మీద బాంబులేసింది ఉందటే?"

లేదు. వెతికాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. పెరల్ హార్బర్ తేదీ నాకు నిద్దట్లో లేపినా వస్తుంది, ముప్ఫై కిలోమీటర్ల అవతల పడ్డ బాంబు సంగతి ముప్ఫై రెండేళ్లొచ్చేదాకా తెలీదు. నాయనమ్మకి అప్పుడు ఆరేళ్లు. కాకినాడలో ఉండే మేనత్త వాళ్లు బిందెలూ పరుపులూ బండి మీద వేసుకుని రాత్రికి రాత్రి వచ్చేశారట. దీపానికి నల్లకాగితం చుట్టేవారట. పిల్లలకి మాత్రం చుట్టాలొచ్చారని పండగ.

ఆ ఎండాకాలమే ఆవిడ పెదనాన్న రంగం నుంచి నడిచి వచ్చాడు. రంగం అంటే రంగూన్. మన కోస్తా నుంచి రేవు పనులకీ మిల్లు పనులకీ వేల మంది వెళ్లేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లని కోరంగీలనేవారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. పడవలు దొరకనివాళ్లు అడవులూ కొండలూ పట్టి అస్సాం వైపు, అరకాన్ వైపు నడిచారు. దారిలో పోయినవాళ్లు వేలల్లో. ఆయన కాళ్లు రెండూ పుండ్లతో వచ్చాడట, చేతిలో ఒక్క లక్క పెట్టె. గుండ్రంగా, కొబ్బరికాయంత ఉంటుంది, మూత మీద ఏనుగు బొమ్మ సగం చెరిగిపోయింది. ఇప్పుడు అందులో నాయనమ్మ బీపీ మాత్రలు ఉంటాయి. ఆ పెట్టె చూశాక బర్మా అన్న మాట నాకు మ్యాపులో ఒట్టి రంగుగా మిగల్లేదు.

బర్మా పోయాక అక్కడి బియ్యం ఆగిపోయింది. 1943 బెంగాల్ కరువుకి అదొక కారణం. 1942 అక్టోబరు తుఫాను, యుద్ధ ఖర్చుతో ఎగబాకిన ధరలు, బెంగాల్ తీరంలో జపాన్‌కి చిక్కకూడదని సర్కారు పడవల్ని లాగేసుకోవడం ఇంకొన్ని. పడవ లేకపోతే డెల్టాలో ఏం కదులుతుందో లంకల్లో ఉన్నవాళ్లకి వేరే చెప్పాలా? దాదాపు 30 లక్షల మంది పోయారని ఎక్కువగా చెప్పే అంచనా. నాయనమ్మ ఇప్పటికీ రేషన్ బియ్యాన్ని కంట్రోలు బియ్యం అంటుంది. ఆ కంట్రోలు ఆ యుద్ధం నాటిదే.

ఇండియా మీద ప్రభావం అన్న భాగం ఇలా చదివాక చప్పున ఎక్కింది. మొదటి యుద్ధం: దేశం దాటి వెళ్లిన మన సైనికులు 10 లక్షలకి పైనే, చనిపోయినవాళ్లు సుమారు 74 వేలు. 1917 ఆగస్టు ప్రకటన, 1919లో రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్, ఆ ఏడాది చట్టంతోనే ద్వంద్వ పాలన. రెండో యుద్ధం: 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఎవర్నీ అడక్కుండా ఇండియా యుద్ధంలో ఉందన్నాడు, కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి, మద్రాసులో రాజాజీ సహా. 1940 ఆగస్టు ప్రతిపాదన, 1942 మార్చిలో క్రిప్స్ రాయబారం, ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం. రంగూన్ పడింది మార్చి 8న, క్రిప్స్‌ని పంపుతున్నట్టు లండన్‌లో ప్రకటించింది 11న. పక్కపక్కన రాసుకుంటే ఎవరి కంగారు ఎంతో తెలుస్తుంది.

పుస్తకాల సంగతి అడుగుతారు. పాత పదో తరగతి సోషల్లో రెండు యుద్ధాల మధ్య ప్రపంచం పాఠాలు మూడుసార్లు, తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకం ఒకసారి, సొంత నోట్సు లెక్కలేనన్నిసార్లు. రోజూ పాప లేవకముందు రెండున్నర గంటలు, మధ్యాహ్నం నాయనమ్మ మంచం పక్కన ఓ గంట, రాత్రి బిట్లు. ఆన్‌లైన్ పరీక్ష కాబట్టి కంప్యూటర్ మీద మాక్ టెస్టులు తప్పకుండా రాయండి. కాగితం మీద బాగా రాసే మా ఫ్రెండు ఒకామె స్క్రీన్ చూసి టెన్షన్ పడి ఇరవై బిట్లు వదిలేసింది. నా సెషన్లో ఏ బిట్లు వచ్చాయో మాత్రం రాయను. గుర్తున్నంత మేరకు రాసినవి ఇప్పటికే తప్పుల కీతో గ్రూపుల్లో తిరుగుతున్నాయి.

ఫలితాలొచ్చిన రోజు నాయనమ్మకి ఫోన్ చేస్తే మొదట గట్టు సంగతి చెప్పింది. సర్వేయరు రాళ్లు పాతి వెళ్లాడట. పక్క చేను ఆయన ఒప్పుకున్నాడట. బోదె నీళ్ల మాట మాత్రం ఇంకా తేలలేదట.