నోరు తెరవాల్సింది మనమే

మందిరంలో తాగుడు మీద, కట్నం మీద ప్రసంగాలు ఎన్నో విన్నాను. అబార్షన్ మాట వస్తే మాత్రం అందరూ తలదించుకుంటారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, గుంటూరులో మా సంఘంలోని ఒక చెల్లి మెట్ల దగ్గర నన్ను ఆపింది. "అక్కా, మళ్లీ ఆడపిల్లేమోనని ఇంట్లో తీయించేసుకోమంటున్నారు" అంది. బైబిల్ సంచి తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. (ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను.)

కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడాన్ని 1994 చట్టమే నిషేధించింది. 1971 చట్టం కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌కు అనుమతిస్తుంది. 2021 సవరణతో కొందరు స్త్రీలకు ఆ గడువు 24 వారాలకు పెరిగింది. అయితే చట్టం ఒప్పుకున్నంత మాత్రాన దేవుడి ముందు మన బాధ్యత తీరిపోదు. తల్లి గర్భంలో మనల్ని నిర్మించింది ఆయనేనని 139వ కీర్తన చదివి ఆమేన్ అంటాం కదా! నోరులేని వారి పక్షాన మాట్లాడమని సామెతలు 31:8 చెబుతోంది. కడుపులో బిడ్డకంటే నోరులేనివారెవరు?

అలాగని ఆ చెల్లిని నిలదీస్తే అది సాక్ష్యం కాదు, క్రూరత్వం. అమెరికా నుంచి 1883లో ఈ ఊరొచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకు వైద్యం చేసి, వాళ్ల కోసం ఆసుపత్రే కట్టించారు. మన మాట వెనక కూడా అలాంటి చెయ్యి ఉండాలి. భయపడుతున్న తల్లికి కాన్పు ఖర్చు ఎవరిస్తారో చెప్పకుండా "పాపం" అని మాత్రం అంటే ఎలా?

స్త్రీల సమాజం పెద్దలతో కలిసి వాళ్లింటికి వెళ్తున్నాం. ముందు ఆమె భర్తతోనే మాట్లాడాలి.