లోను కోసం బ్యాంకులో ఫిడేలు వాయించాను

వీసా వచ్చిందని నిన్న సాయంత్రం మెయిలొచ్చింది. లండన్లో సంగీతంలో ఎం.ఏ. బ్యాంకులో రేగిన కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను.

పాస్‌పోర్టు, ఇంగ్లిషు పరీక్ష, క్షయ పరీక్ష: ఇవేవీ కష్టం కాదు. ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్లో పొడి అక్షరమై, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే మాత్రం ముందే చూసుకోండి. ఆడిషన్ వీడియో తెల్లవారుజామున నాలుగింటికి మేడగదిలో తీశాం. ఐదు దాటితే గుడి మైకు మొదలవుతుంది. ఎడిటింగ్ కూడదన్నారు కాబట్టి పాలబండి హారన్ కూడా లండన్ చేరింది. అయినా సీటిచ్చారు, ఫీజులో కొంత తగ్గించారు కూడా. చెప్పుకోవద్దా మరి!

ఇక లోను. వీసాకి సొంత డబ్బు చూపిస్తే 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. మా ఇంట్లో అంత డబ్బు 28 గంటలు కూడా నిలవదు. అందుకని నాన్న పింఛను తీసుకునే బ్రాంచికే వెళ్లాం.

"ఏ కోర్సమ్మా?"

"సంగీతం సార్."

"సౌండ్ ఇంజినీరింగా?"

"కాదు సార్, సంగీతమే."

మేనేజరు నాన్న వైపు తిరిగాడు. "పాటలకి ఇన్ని లక్షలేటి మాస్టారూ? పిల్ల పెళ్లికి దాచుకోండి." అంతటితో ఊరుకున్నా బాగుండేది. క్లాసు నుంచి తిన్నగా వచ్చాను, భుజాన ఫిడేలు పెట్టె ఉంది. "ఏదీ, ఓ సినిమా పాట వాయించు, చూద్దాం" అన్నాడు.

నేను కదల్లేదు. నాన్న మెల్లగా "వాయించమ్మా" అన్నారు. ముప్ఫయ్యేళ్లు పిల్లల్ని నిలబెట్టి పాఠం అప్పజెప్పించుకున్న మనిషి, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కుర్చీలో కూర్చుని వాయించడం మనకి అలవాటు లేదు కదా, లోన్ల కౌంటరు పక్కన నేలమీదే మఠం వేశాను. సినిమా పాట కాదు, మోహన రాగం వాయించాను. నోట్ల మిషన్ గరగర నా శ్రుతికి అరమెట్టు కింద పలుకుతోంది. మధ్యలో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు.

అయ్యాక "బాగుందమ్మా. కానీ ఉద్యోగం గ్యారంటీ లేని కోర్సుకి మేం ఇవ్వలేం" అన్నాడు.

1919లో సంగీత కళాశాల పెట్టిన విజయనగరం ఇది. ఫిడేలు నాయుడుగారని పేరుపడ్డ ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన చోటుకి ఆ బ్యాంకు నుంచి నడిచిపోవచ్చు. ఇక్కడ సంగీతం చదువు కాదట!

నోటిమాటగా కాదంటే లేచి రాకండి. కాగితం మీద రాసిమ్మనండి. నేనడిగితే "మాస్టారి అమ్మాయికి నోరెక్కువే" అన్నాడు, కాగితం మాత్రం ఇవ్వలేదు. చదువు లోన్ల కోసం ఉన్న విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు పెడితే కనీసం ఓ నంబరైనా చేతికొస్తుంది.

రెండో బ్యాంకులో ఆఫీసరమ్మ సంగీతం ఊసే ఎత్తలేదు. ఏడున్నర లక్షలు దాటింది కాబట్టి తనఖా కావాలంది. పూసపాటిరేగ దగ్గర పొలం కాగితాలు, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (పొలం మీద అప్పులేమైనా ఉన్నాయో చూపే కాగితం) ఇచ్చాం. మూడు వారాల్లో మంజూరైంది.

గురువుగారిచ్చిన పాత ఫిడేలు కమాను కొనకి ఏనుగు దంతం ముక్క ఉంది. దంతంతో దేశం దాటాలంటే అనుమతులు కావాలి, లేకపోతే కస్టమ్స్‌లో పోతుంది. దాన్ని బీరువాలో పెట్టి కొత్తది కొన్నాను. విమానంలో తీగలు కొంచెమే వదులు చెయ్యండి. పూర్తిగా వదిలేస్తే లోపల నిలబెట్టిన చిన్న కర్ర పడిపోతుంది.

నాన్న పింఛను ఖాతా ఇంకా ఆ బ్రాంచిలోనే ఉంది. బయల్దేరేలోగా మార్పించాలి.