మరక పళ్లు, ఆకలి తెలియని ఒళ్లు

మాది కనిగిరి ప్రాంతం. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న పరిమితిని మా చిన్నతనంలో పట్టించుకున్నవారిని నేనెరగను. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగితే పింగాణీ పొర చెడి, పన్ను మరకతోనే బయటికి వస్తుంది. ఒంగోలులో ఇంటర్ చేరాక హాస్టల్ పిల్లలు మాత్రం నన్ను పళ్లు తోముకోనివాడిగా చూశారు. నవ్వడం మానేశాను, తర్వాత అద్దం చూడడం, చివరికి మెస్‌కు వెళ్లడం కూడా మానేశాను. విచిత్రంగా, ఆకలి తెలిసేది కాదు. మెట్ల మీద పడి మోచేయి చీరుకుపోయినా ఆ నొప్పి వేరెవరిదో అనిపించింది. చచ్చిపోవాలన్న ఆలోచన రోజూ రావడం అప్పుడే మొదలైంది.

పక్క మంచం కుర్రాడు నా వాలకం గమనించి మా మేనమామకు ఫోన్ చేశాడు. మామయ్య ఆ రాత్రే వచ్చి నన్ను మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లాడు. "చనిపోవాలనిపిస్తోందా బాబూ?" అని ఆమె సూటిగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లు భయపడతారు గానీ, నాకు ఊపిరి ఆడింది.

కుంగుబాటుకు మాత్రలు రాశారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు. తర్వాతి కౌన్సెలింగ్‌లో పసితనంలో నీకు నీళ్లు పోసిందెవరు, జ్వరమొస్తే దగ్గర పడుకున్నదెవరు అని అడిగారు. అమ్మానాన్నలు బేల్దారి పనికి బెంగళూరు వలస పోతే అమ్మమ్మ ఇంట్లో చాలామంది పిల్లల మధ్య పెరిగాను. ఇజ్రాయెల్ ఓర్బాక్ అనే మనస్తత్వవేత్త, మికులిన్సర్‌తో కలిసి 1998లో ప్రచురించిన ప్రశ్నావళి గురించి ఆమె చెప్పారు. తన శరీరాన్ని మనిషి ఎలా చూస్తున్నాడు, స్పర్శ హాయిగా ఉందా, ఒంటిని శుభ్రంగా ఉంచుకుంటున్నాడా, ప్రమాదం నుంచి కాపాడుకుంటున్నాడా అన్నవి అందులోని అంశాలు. చిన్ననాడు ఆదరణ అందని ఒంటి మీద మమకారం తగ్గితే, దానికి హాని చేసుకోవడానికి ఉండవలసిన జంకు కూడా తగ్గవచ్చునని ఓర్బాక్ వాదన. వలస పోయిన తల్లిని దోషిని చేయడానికి దీన్ని వాడితే మాత్రం నేనొప్పుకోను. పనులు లేని ఊరిని, ఆ నీళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అమ్మ వచ్చి ఒంగోలులో గది తీసుకుంది. మొదట గడియారం చూసి తిన్నాను, ఆకలి తర్వాత వచ్చింది. ఆదివారం తలంటుకు సిగ్గుపడ్డాను గానీ వద్దనలేదు. పరీక్షల ముందు ఆ ఆలోచన మళ్లీ వచ్చినప్పుడు, ముందే అనుకున్నట్టు మామయ్యకు చెప్పాను. ఆయన వచ్చేలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడుతూ ఉన్నాను.

ఇప్పుడు డాక్టరుగారే మాత్రలు తగ్గిస్తూ వస్తున్నారు. పళ్లకు పూత వేయించుకోవచ్చని దంతవైద్యుడు అన్నాడు. డిగ్రీ ఫీజులు కట్టాక ఆలోచిస్తాను.