పాత మహీంద్రా జీపుకి డోనర్ బండి: ఏవి జతగా తేవాలి, ఏవి ముట్టుకోకూడదు

ఎత్తు బానెట్ ఉన్న మహీంద్రా సీజే3బీ పెట్రోల్ జీపు బాగుచేయడానికి బేరింగులు, ఆయిల్ సీళ్లు, నట్లు, బోల్టులు వెతికితే చాలావరకు హైదరాబాద్ రాణీగంజ్‌లోనే దొరుకుతాయి. కష్టమంతా పోత సామానుతోనే. యాక్సిల్ హౌసింగులు, ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్సు శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె), సిలిండర్ హెడ్, స్టీరింగ్ బాక్సు లాంటివి కొత్తవి దొరకడం అరుదు. అందుకే డోనర్ బండి, అంటే సామాను కోసం విప్పుకునే ఇంకో పాత జీపు, కావాలి. ఆటోనగర్‌లోనో, జుమేరాత్ బజార్‌లోనో ఒక్కో ముక్క ఏరుకోవడం కంటే, చాసిస్ మీద నిలబడి ఉన్న బండిని మొత్తంగా కొనడమే మేలు. ఏళ్ల తరబడి కలిసి తిరిగిన గేర్లు ఒకదానికొకటి అలవాటుపడి అరుగుతాయి. ఒకదాన్ని ఈ బండి నుంచి, రెండోదాన్ని ఆ బండి నుంచి తెచ్చి కలిపితే మోత, వేడి, ఆయిల్ లీకు తప్పవు.

పానా పట్టేముందు కాగితాలు చూడండి. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు మీ బండివే అయ్యుండాలి. డోనర్ బ్లాకు వేస్తే ఇంజిన్ నంబరు మారుతుంది, దానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌టీఏ అనుమతి కావాలి. యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలనుకుంటే 2021 నిబంధనలు ఇంకా గట్టివి. చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. కాబట్టి మీ బ్లాకు పగలకుండా ఉంటే దాన్నే బోరింగ్ చేయించి నిలబెట్టుకోండి, డోనర్ నుంచి హెడ్, మానిఫోల్డు లాంటి పైసామాను తీసుకోండి. చాసిస్ నంబరు ముక్క కోసి ఇంకో చాసిస్‌కి వెల్డింగ్ చేస్తామనే వాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగకండి, అది నేరం. డోనర్ బండికి కూడా అమ్మినవారి కాగితం తీసుకుని దాచుకోండి.

ఇక యాక్సిళ్లు. సీజే3బీలో ముందూ వెనకా రేషియో 5.38, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు 5.38 చుట్లు తిరగాలి. ఈ కుటుంబం జీపుల్లో 4.88, 4.27 కూడా ఉన్నాయి, బయటి నుంచి హౌసింగ్ చూస్తే తేడా తెలియదు. ఒకే ఒక్క యాక్సిల్ మార్చి, రెండోదాన్ని అలాగే వదిలేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ఫోర్ వీల్ వేయగానే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఒకదాన్నొకటి లాగుతాయి, లివర్ వెనక్కి రాదు, చివరికి ట్రాన్స్‌ఫర్ కేసు గేరు పన్ను విరుగుతుంది. కొనేముందే తేల్చుకోవచ్చు. నేల మీదున్న చక్రాలకు రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపండి. హ్యాండ్ బ్రేకు వదిలేయాలి, ఎందుకంటే దాని డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది, అది పట్టి ఉంటే షాఫ్టు తిరగదు. షాఫ్టు మీద సుద్దతో గీత గీసి, లేచిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు ఐదు చుట్లు దాటి మూడో వంతు పైచిలుకు తిరిగితే 5.38. ఐదుకు కొంచెం తక్కువైతే 4.88. నాలుగుంపావు దగ్గర ఆగితే 4.27. ఒక చక్రం కదలకుండా ఉన్నప్పుడు డిఫరెన్షియల్ సగం వేగంతోనే తిరుగుతుంది, రెండు చుట్లు ఎందుకంటే అందుకే. కవరు విప్పే వీలుంటే పళ్లు లెక్కపెట్టడం ఇంకా ఖాయం: క్రౌన్‌కి (పెద్ద గేరు) 43, పినియన్‌కి (దాన్ని తిప్పే చిన్న గేరు) 8 ఉంటే 5.38.

క్రౌన్, పినియన్ ఎప్పుడూ ఒకే హౌసింగ్ నుంచి జతగా రావాలి. బేరింగ్ క్యాపుల మీద, హౌసింగ్ మీద గుద్దిన అక్షరాలు సరిపోల్చి, ఏ వైపుది ఆ వైపే, అదే దిశలో బిగించండి. డయల్ గేజ్ పెట్టి బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఆట) 0.13 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉందో లేదో చూసుకోవాలి. వెనక హబ్బులు టేపర్ షాఫ్టు మీద కీతో కూర్చుంటాయి. పుల్లర్ లేకుండా సుత్తితో కొడితే షాఫ్టు చివర మరలు పోతాయి. తిరిగి బిగించేటప్పుడు నట్టు వదులైతే కీ తెగుతుంది. పాత జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, పైపు వేసి బలవంతంగా లాగేముందు మర ఎటుందో చూడండి.

ట్రాన్స్‌ఫర్ కేసుకి వెర్నియర్ తీసుకెళ్లండి. ఈ జీపుల్లో ఉండే స్పైసర్ 18 కేసులో ఇంటర్మీడియట్ షాఫ్టు కాలాన్ని బట్టి మూడు సైజుల్లో వచ్చింది: 19, 28.6, 31.75 మి.మీ. షాఫ్టు, గేరు, కేసు రంధ్రం మూడూ ఒకే సైజువి కావాలి. కేసు రంధ్రం అరిగి షాఫ్టు కదులుతుంటే ఎన్ని సీళ్లు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. అలాంటి కేసు ఎంత చవకైనా వద్దు. బ్రీదర్ (కేసు లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) మూసుకుపోయినా వెనక సీలు నుంచి ఆయిల్ తోసుకొచ్చి హ్యాండ్ బ్రేకు లైనింగు తడిసిపోతుంది, కాబట్టి ముందు బ్రీదర్ శుభ్రం చేసి, తర్వాతే సీలు సంగతి చూడండి.

ఇంజిన్‌లో ఒక చిక్కుంది. కార్బ్యురేటర్ విప్పితేనే కనిపించే హెడ్ బోల్టు ఒకటి దాని కిందే, గాలి దారిలో ఉంటుంది. దాన్ని మరిచి హెడ్‌ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే పోత పగులుతుంది. మెయిన్ బేరింగు క్యాపులు ఆ బ్లాకుతో కలిపి లైన్ బోర్ చేసినవి, ఇంకో బ్లాకు క్యాపులు పనికిరావు. అసలు బోరు 79.4 మి.మీ., 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజుకి చేరిన బ్లాకుకి స్లీవ్ వేయించడమే దారి. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ అలవాటున్న షాపు దొరికాకే హెడ్ విప్పండి, విప్పిన ఇంజిన్ దుమ్ములో నెలలు పడుండకూడదు. బిగించాక ట్యాపెట్ గ్యాపులు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.46, ఎగ్జాస్ట్ 0.41 మి.మీ. ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే ఉంటాయి కాబట్టి పక్క కవరు తీసి సరిచేయాలి. పాయింట్ గ్యాపు 0.5, ప్లగ్గు 0.75 మి.మీ., ఫైరింగ్ వరస 1-3-4-2.

మహీంద్రాదే ఇంకో జీపు ఎంఎం540 డోనర్‌గా చవకగా దొరుకుతుందని తొందరపడొద్దు. దాని వీల్‌బేస్ 91 అంగుళాలు, సీజే3బీది 80, కాబట్టి వెనక ప్రొపెల్లర్ షాఫ్టు కొలతే వేరు.

బాడీ రేకుని ఇసుకతో బ్లాస్ట్ చేయిస్తే పల్చటి చోట్ల వంకరపోతుంది. చాసిస్, యాక్సిళ్లకు బ్లాస్టింగ్, రేకుకి వైర్ బ్రష్షు, రస్ట్ రిమూవర్ వాడటం మంచిది. హైదరాబాద్ వానాకాలంలో ఒట్టి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. ఆ పని ఎండాకాలంలో పెట్టుకుని, బ్లాస్ట్ చేసిన రోజే ప్రైమర్ కొట్టించండి.

గేర్‌బాక్సులో జీఎల్-4 గేరు ఆయిల్ పోయండి. జీఎల్-5లో కలిపే రసాయనాలు సింక్రో ఇత్తడి రింగులను తినేస్తాయి. మొదటి 500 కి.మీ. తర్వాత ఇంజిన్ ఆయిల్ మార్చి, హెడ్ బోల్టులు, కమాన్ కట్టల యూ బోల్టులు మళ్లీ బిగించండి. కొత్తగా కూర్చిన కట్టలు బరువు మోసి సర్దుకున్నాక వదులవుతాయి, ముందు చక్రాల టో-ఇన్ (ముందువైపు లోపలికి వంగి ఉండే తేడా) కూడా అప్పుడే చూడాలి: 1.2 నుంచి 2.4 మి.మీ.