చీటీలో వచ్చిన పేరు

మన కాలేజీ సంచికలో ర్యాంకుల గురించీ, రిటైరైన లెక్చరర్ల గురించీ, గెలిచిన కప్పుల గురించీ మిగతా బ్యాచ్‌లవాళ్ళు ఎలాగూ రాస్తారు. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ దగ్గరికి వచ్చేసరికి ఒక గ్రూప్ ఫొటో, కింద రెండు లైన్లతో సరిపెట్టేస్తున్నాం. ఇది నాకు చాలాకాలంగా మనసులో ఉన్న బాధ. అందుకే ఈసారి రాయమని అడగ్గానే ఒప్పుకున్నాను.

నేను 1995లో బీజెడ్‌సీలో, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ డిగ్రీలో చేరాను. అప్పట్లో మన రాజమండ్రి కాలేజీలు ఆంధ్రా యూనివర్సిటీ కిందే ఉండేవి. చేరిన కొత్తలోనే బోటనీ మాస్టారు క్లాసుకొచ్చి, ఎన్‌ఎస్‌ఎస్‌లో పేరిచ్చేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఆయనే ప్రోగ్రాం ఆఫీసర్. పీఓ గారనేవాళ్ళం. "సర్టిఫికెట్ ఇస్తారా సార్?" అని ఎవరో అడిగారు. "ఇస్తారు. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు పనిచెయ్యాలి. పని ఎండలో ఉంటుంది" అన్నారు. లేచిన చేతుల్లో సగం దిగిపోయాయి. మిగిలినవాళ్ళ పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ బ్యాడ్జీ ఇచ్చి, దాని మీద ఉన్నదేమిటో చెప్పారు. అది కోణార్క సూర్యదేవాలయం రథచక్రం. దాని ఎనిమిది ఆకులూ రోజులోని ఎనిమిది జాములు, అంటే ఏ వేళ పిలిచినా రావాలి. 1969లో, గాంధీగారి శతజయంతి ఏడాదిలో, సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి వీకేఆర్‌వీ రావుగారు 37 యూనివర్సిటీల్లో ఈ పథకం మొదలుపెట్టారని కూడా అప్పుడే చెప్పారు. ఎనిమిది జాముల మాట నేను మామూలు ఉపన్యాసంలో మాట అనుకున్నాను. ఏడాది తిరిగాక ఆ మాట నిజంగానే అవసరపడింది.

క్యాంపుకి ఇంట్లో ఒప్పించడం మాత్రం పెద్ద టెన్షన్. ఆడపిల్ల పది రోజులు ఎక్కడో లంకలో, బడి గదుల్లో పడుకోవడమేమిటని మా నాన్నగారు ఖరాఖండీగా వద్దన్నారు. పీఓ గారు అమ్మాయిలున్న ప్రతి ఇంటికీ స్వయంగా వచ్చారు. వాళ్ళావిడ కూడా క్యాంపులో మాతోనే ఉంటారని చెప్పారు, ఉన్నారు కూడా. ఆ అమ్మగారు లేకపోతే మా బ్యాచ్‌లో ఒక్క అమ్మాయి కూడా పడవ ఎక్కేది కాదు. ఆవిడ పేరు ఏ రిపోర్టులోనూ లేదు కాబట్టి ఇక్కడ ముందుగా ఆవిడకి నమస్కారం పెడుతున్నాను.

మా యూనిట్ దత్తత తీసుకున్న గ్రామం గోదావరి గౌతమి పాయలో ఒక లంక. సంక్రాంతి వెళ్ళాక మంచు ఇంకా విడవని పొద్దున్న రేవుకి చేరాం. బియ్యం బస్తాలు, గుండిగలు, గునపాలు, తట్టలు, వాలీబాల్ నెట్టు అన్నీ నాటుపడవలో సర్ది, వాటి మీదే కూర్చున్నాం. అవతలి గట్టు కనపడదు. సరంగు గెడ వేస్తుంటే ఆ చప్పుడొక్కటే వినపడేది. ఈత రానివాళ్ళంతా పడవ మధ్యలో ఉండాలని పీఓ గారి ఆర్డరు. నేను సరిగ్గా మధ్యలో, ఉల్లిపాయల బస్తా మీద ఉన్నాను. ఆ తర్వాత మారేడుమిల్లి అడవుల్లో నడిచాం, కొండలెక్కాం, కానీ ఆ పడవ ప్రయాణమంత గుండె దడ మళ్ళీ ఎక్కడా రాలేదు.

మొదటి సాయంత్రం బడి వరండాలో కూర్చోబెట్టి, పీఓ గారు ఒక స్టీలు డబ్బా తీశారు. అందులో మా అందరి పేర్లతో చీటీలు. రోజుకొకరు క్యాంప్ లీడర్. వంట, నీళ్ళు, పని, ఆటలు, డైరీ అని గ్రూపులు, వాటికి కూడా చీటీల్లో వచ్చినవాళ్ళే లీడర్లు. సీనియర్లకి ఇది నచ్చలేదు. "లీడరంటే నలుగురిలో గట్టిగా మాట్లాడగలిగేవాడు ఉండాలి కదా సార్" అని ఒక ఫైనలియర్ అన్నయ్య అన్నాడు. "ఆ గట్టిగా మాట్లాడేవాడికి రేపు జ్వరమొస్తే?" అని సార్ చీటీ తీశారు.

ఆ రోజు లీడర్‌కి పని ఎక్కువ, దర్జా ఏమీ లేదు. అయిదింటికి అందరికంటే ముందు లేవాలి. గునపాలు, పారలు లెక్క చూసి ఇవ్వాలి, సాయంత్రం లెక్క చూసి తీసుకోవాలి. భోజనాల దగ్గర అందరికీ వడ్డన అయ్యాక ఆఖరి విస్తరి లీడర్‌దే. ముద్దపప్పు అయిపోతే ఆవకాయతో తినాలి. రాత్రి సమీక్షలో లేచి నిలబడి ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలి. ఎవరి మీదా ఫిర్యాదు చెప్పకూడదు, ఏది ఎందుకు ఆగిందో చెప్పాలి. ఈ చివరి నియమం చాలా గొప్పదని నా అభిప్రాయం. నేను ఇప్పుడు హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను, మా స్టాఫ్ మీటింగుల్లో దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

ఇక ఆటలు. ఊళ్ళో రెండు పేటలు. మధ్యలో ఒక కాలవ, ఆ కాలవకి అటువాళ్ళు ఇటు ఆడరు, ఇటువాళ్ళు అటు వెళ్ళరు. మేం బడి ఆవరణలో కబడ్డీకి సున్నంతో గీతలు వేస్తే రెండు పేటల కుర్రాళ్ళూ వచ్చి చెరోవైపు నిలబడ్డారు. పేటకో టీమ్ అనుకున్నారు. పీఓ గారు మళ్ళీ అదే డబ్బా తెచ్చి, పేర్లు చెప్పండి, చీటీలు వేసి టీములు కడదాం అన్నారు. ఎవరూ చెప్పలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. మర్నాడు సాయంత్రం కూడా గీతలు ఖాళీగానే ఉన్నాయి. పేటల లెక్కనే ఆడిద్దాం, కనీసం ఆట మొదలవుతుందని మాలో కొందరన్నారు. సార్ ఒప్పుకోలేదు.

చివరికి చిన్నపిల్లలు కదిలారు. వాళ్ళకి చీటీ తియ్యడమే ఒక ఆట. మూడు, నాలుగు తరగతుల పిల్లలు డబ్బా చుట్టూ మూగి, కలిపి టీములు కట్టుకుని, కూత సరిగ్గా రాకపోయినా చెడుగుడు ఆడేశారు. గట్టు మీద నిలబడి చూస్తున్న అన్నలకి కాళ్ళు ఆగలేదు. "ఒరే, కాలు పట్టుకోరా, చెయ్యి కాదు!" అని ఒకతను అరుస్తూ గీత లోపలికి వచ్చేశాడు. ఆ తర్వాత రోజూ చీకటి పడేదాకా కబడ్డీయే. ఒకే టీములో కూత పెట్టినవాడికి అవతలి పేటవాడు దాహమిస్తే తాగాడు. నేను చూసింది అంతే. పేటల మధ్య అన్నీ మారిపోయాయని చెప్పను.

మేం అమ్మాయిలం బడి వెనక ఖోఖో పెట్టాం. చున్నీలు అడ్డంగా బిగించి కట్టుకుని దిగేవాళ్ళం. ఎనిమిదిమంది ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చుంటే, తొమ్మిదో మనిషి తరుముతుంది. ఏడో తరగతితో బడి మానేసిన ఊరి అమ్మాయిలు మొదట గోడ పక్కనుంచి తొంగి చూశారు. వీపు మీద తట్టి ఖో అనడం వాళ్ళకి మాకంటే బాగా వచ్చు. పొలం గట్ల మీద పరుగెత్తిన కాళ్ళు, ఒక్క అమ్మాయి కూడా మాకు చిక్కేది కాదు. కూతుళ్ళ ఆట చూడ్డానికి తల్లులు వచ్చారు. అంతకుముందు రెండు రాత్రులు మేం ఇల్లిల్లూ తిరిగి పిలిచినా ఆరోగ్యం మీద మాట్లాడే మీటింగుకి రానివాళ్ళు, ఆట అయ్యాక అక్కడే చాపల మీద కూర్చుని విన్నారు. విరేచనాలప్పుడు తాగించే ఓఆర్‌ఎస్ నీళ్ళు ఎలా కలపాలో చూపించమని వాళ్ళే అడిగారు. "ఆయ్, రేపు కూడా ఆడిస్తారాండీ?" అని ఒకావిడ అడిగింది నాకు ఇప్పటికీ గుర్తే.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. రాజమండ్రిలో మాకు గాలి హోరు, పోయిన కరెంటు, అంతే. లంకల సంగతి ఎవరికీ తెలీదు. పీఓ గారు విద్యార్థిగా ఉన్నప్పుడు, 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో పనిచేసిన మనిషి. మేం ఆయన ఇంటికి వెళ్ళేసరికే కాగితం మీద జాబితా రాసి ఉంది: రంపాలు, గొడ్డళ్ళు, తాళ్ళు, బ్లీచింగ్ పౌడర్, క్లోరిన్ మాత్రలు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు. బట్టల మూటలు తరవాత, ముందు ఇవి అన్నారు.

రావులపాలెం దాటాక బస్సు ఎక్కడికక్కడ ఆగింది. రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు. కొన్ని వేళ్ళతో లేచిపోయాయి, కొన్ని తలలు విరిగి మొండాలు నిలబడ్డాయి. చివర్లో కాలవగట్టు వెంబడి నడిచి రేవుకి చేరేసరికి అవతలినుంచి పడవ వస్తోంది. అందులో మా కబడ్డీ కుర్రాళ్ళు, రెండు పేటలవాళ్ళూ. మేం వస్తామని వాళ్ళకి కబురు లేదు, ఎవరైనా సాయం దొరుకుతారేమోనని వస్తున్నారు. ఆ తర్వాత రోజుల్లో దారిలో పడ్డ చెట్లు కొయ్యడానికి, ఇళ్ళ జాబితా రాయడానికి మమ్మల్ని ఇల్లిల్లూ తిప్పింది వాళ్ళే. ఏ ఇంట్లో ముసలివాళ్ళు ఉన్నారో, ఎవరి చూడిగేదె పోయిందో వాళ్ళు చెబుతుంటే మేం రాసుకున్నాం.

అప్పుడు కూడా సార్ డబ్బా తీశారు. ఇలాంటి సమయంలో చీటీలా అని నాకు అనిపించింది. నీళ్ళ గ్రూపుకి లీడర్‌గా వచ్చిన పేరు మా క్లాసులో ఆఖరి బెంచీ అమ్మాయిది. హాజరు పలకడానికి కూడా గొంతు పెగిలేది కాదు. నేను ఆమె గ్రూపులోనే ఉన్నాను కాబట్టి దగ్గరుండి చూశాను.

ఊరి బావుల్లో ఆకులు, కొబ్బరి మట్టలు, మురుగునీరు. ముందు చెత్త తీయించింది. తర్వాత ప్రతి బావికీ తాడుకి రాయి కట్టి దింపి, తడిసిన మేర కొలిచింది. బావి అడ్డం రెండు మీటర్లు, నీళ్ళ లోతు మూడు మీటర్లయితే దగ్గర దగ్గర 9,400 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల లెక్కన 24 గ్రాముల బ్లీచింగ్. నీళ్ళు మరీ పాడైన చోట ఇంకా పెంచాలని ఆరోగ్య శాఖవాళ్ళు చెప్పిందీ రాసుకుంది. పొడిని నేరుగా బావిలో చల్లబోయిన వాళ్ళని ఆపి, బకెట్లో కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, మరికొన్ని నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగేదాకా పది నిమిషాలు ఆగమంది. పైన తేరిన నీళ్ళు ఇంకో బకెట్లోకి వంచి, ఆ బకెట్‌ని బావి నీటిలో ముంచి, పైకీ కిందికీ కదిలించి బాగా కలిపించింది. అడుగు సున్నం బావిలో పడనివ్వలేదు. గంట గడిచేదాకా ఎవరూ తోడకుండా బావి దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టింది. ఒక పెద్దాయన దాహమని బిందె దింపబోతే, "ఇంకా అరగంట ఉంది తాతగారూ, ఈలోగా మా కుండలో నీళ్ళు తాగండి" అంది. గొంతు పెంచలేదు. ఆయన ఆగారు. రాత్రి సమీక్షలో లాంతరు పట్టుకుని, ఏ బావిలో ఎంత వేశామో, ఏ బావికి మర్నాడు మళ్ళీ వెయ్యాలో చదివింది. ఆమె ఇప్పుడు ఆరోగ్య శాఖలోనే సూపర్‌వైజర్.

నెల తిరిగేసరికి డిసెంబరు 7న పల్స్ పోలియో, జనవరి 18న రెండో విడత. అయిదేళ్ళలోపు పిల్లలందరికీ రెండేసి చుక్కలు. ఐసు కరగకుండా వ్యాక్సిన్ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ అదే గౌతమి దాటాం. తుపానుకి పైకప్పు పోయిన ఇళ్ళలో పిల్లలని ఎత్తుకొచ్చి వరసలో నిలబెట్టింది మాతో ఖోఖో ఆడిన అమ్మాయిలు. ఏ ఇంట్లో చంటిబిడ్డ ఉందో జాబితా మాకు అక్కర్లేకపోయింది. 2014 మార్చి 27న మన దేశాన్ని పోలియో రహితమని ప్రకటించినప్పుడు, మా బ్యాచ్‌వాళ్ళం ఒకరికొకరు ఫోన్లు చేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇప్పటి యూనిట్లని చూస్తుంటాను. క్యాంపు ఏడు రోజులకి తగ్గింది, అది సరే. లీడర్లని మాత్రం మార్కులు చూసో, మైకులో మాట్లాడేవాళ్ళని చూసో ముందే వేసేస్తున్నారు. మిగతా పిల్లలు రెండేళ్ళూ గునపం పట్టుకుని, ఒక్క రోజు కూడా లెక్క చూసే అవకాశం లేకుండా వెళ్ళిపోతున్నారు. ఇది అన్యాయం. ఎవరిలో ఏముందో ముందే తెలిసిపోతే ఇక క్యాంపు ఎందుకు? సాయంత్రం ఆటల గంటని కూడా ఉపన్యాసాలకి ఇచ్చేస్తున్నారని విన్నాను. దయచేసి ఆ గంట పిల్లలకి తిరిగి ఇవ్వండి. ఊరు తెలిసేది ఆ గంటలోనే.

ఈ సంచిక చదివే పాత వాలంటీర్లకి ఒక మనవి. ప్రతి క్యాంపుకీ డైరీ గ్రూపు ఒక లాంగ్ నోట్‌బుక్ రాసేది. బ్యాచ్ వెళ్ళిపోయాక అవి ఎవరెవరి ఇళ్ళకో చేరాయి. 1996 జనవరి క్యాంపుది, తుపాను రోజులదీ నా దగ్గరున్నాయి, కాలేజీ లైబ్రరీకి ఇచ్చేస్తున్నాను. మీ అటకల మీద ఉన్నవి కూడా దించి చూడండి. లీడర్ల పేర్లు, బావుల కొలతలు, వంట సామాన్ల ధరలు, ఆడిన ఆటల స్కోర్లు అన్నీ వాటిలోనే ఉన్నాయి. ఇచ్చేముందు మొదటి పేజీలో ఊరి పేరు, సంవత్సరం, మీ గ్రూపువాళ్ళ పేర్లు గుర్తున్నంతవరకు రాసి ఇవ్వండి. వచ్చే క్యాంపుకి వెళ్ళే పిల్లలు వాటిని ముందుగా చదువుకుని వెళ్ళేలా చూస్తానని ఇప్పటి ప్రోగ్రాం ఆఫీసర్ గారు నాకు మాటిచ్చారు.